బ్యాటరీ లేకుండా బదులిచ్చే చీటీ: ఆర్‌ఎఫ్‌ఐడీ

రేడియో తరంగాల సాయంతో ఒక వస్తువునో, వాహనాన్నో, జంతువునో దూరం నుంచే గుర్తుపట్టే పద్ధతిని ఆర్‌ఎఫ్‌ఐడీ అంటారు. కారు ముందు అద్దానికి అంటించే ఫాస్టాగ్, మెట్రో స్మార్ట్‌కార్డు, ఆఫీసు తలుపు తెరిచే గుర్తింపు కార్డు, కొత్త చొక్కాకు వేలాడే ధర చీటీ, పెంపుడు కుక్క చర్మం కింద అమర్చే సన్నటి గాజు గొట్టం పైకి ఒకదానికొకటి పోలిక లేనివి. అయినా అన్నిటిలోనూ జరిగే పని ఒక్కటే: ఒక యంత్రం రేడియో తరంగాలతో అడుగుతుంది, ఒక చిన్న చిప్ తన నంబరు చెబుతుంది.

ఈ ఏర్పాటులో మూడు భాగాలుంటాయి. మొదటిది ట్యాగ్. ఇందులో నంబరు దాచుకున్న చిప్, దానికి అతికించిన యాంటెన్నా ఉంటాయి. రెండోది రీడర్. ఇది తరంగాలను పంపి, ట్యాగ్ ఇచ్చిన జవాబును అందుకుంటుంది. మూడోది రీడర్ వెనక ఉండే కంప్యూటర్. ఫలానా నంబరు ఎవరి వాహనానిది, ఏ పుస్తకానిది, ఏ పెట్టెది అన్న వివరం సాధారణంగా ఈ కంప్యూటర్‌లోనే ఉంటుంది.

వాడుకలో ఉన్న ట్యాగ్‌లలో ఎక్కువ భాగానికి బ్యాటరీ ఉండదు. వీటిని పాసివ్ ట్యాగ్‌లంటారు. చిప్ పనిచేయడానికి కావలసిన విద్యుత్తు కూడా రీడర్ పంపే తరంగాల నుంచే రావాలి. ట్యాగ్ చవకగా దొరకడానికీ, ఏళ్ల తరబడి పనిచేయడానికీ కారణం ఇదే. దాన్ని కొంత దూరం దాటాక చదవలేకపోవడానికీ కారణం ఇదే. ఆర్‌ఎఫ్‌ఐడీ బలాలు, బలహీనతలు చాలావరకు ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

రాడార్ నుంచి ధర చీటీ దాకా

రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తెర మీద కనిపించే విమానం తమదా, శత్రువుదా తేల్చుకోవడం బ్రిటిష్ సైన్యానికి పెద్ద సమస్య అయింది. అందుకని తమ విమానాల్లో ఒక పరికరాన్ని అమర్చారు. రాడార్ తరంగం తగలగానే అది తిరిగి ఒక సంకేతం పంపేది. రేడియోతో అడిగి, రేడియోతో గుర్తింపు తెలుసుకునే ఆలోచనకు ఇది తొలి రూపం.

సొంత శక్తి అవసరం లేని జవాబుకు తొలి ఉదాహరణ గూఢచర్యంలో కనిపిస్తుంది. 1945లో సోవియట్ బాలబాలికల బృందం మాస్కోలోని అమెరికా రాయబారికి ఒక కొయ్య శిల్పాన్ని బహూకరించింది. దాని లోపల లియోన్ థెరెమిన్ రూపొందించిన శ్రవణ పరికరం ఉంది. అందులో బ్యాటరీ గానీ తీగ గానీ లేవు. బయటి నుంచి సోవియట్ గూఢచారులు రేడియో తరంగాలను పంపినప్పుడు మాత్రమే అది మేలుకునేది. గదిలో మాటలకు కంపించే పలుచని పొర, తిరిగి వెళ్లే తరంగాన్ని మార్చేది. 1952 దాకా అమెరికన్లు దాన్ని పట్టుకోలేకపోయారు.

తిప్పికొట్టిన తరంగం మీదే సమాచారం పంపవచ్చని 1948లో హ్యారీ స్టాక్‌మన్ ఒక శాస్త్రీయ వ్యాసంలో వివరించాడు. అయితే చవకైన ట్రాన్సిస్టర్లు, చిప్‌లు వచ్చేదాకా అది ఆచరణకు రాలేదు. 1973లో మారియో కార్డుల్లో అనే ఆవిష్కర్త తిరిగి రాయగల మెమరీ ఉన్న ట్యాగ్‌కు, చార్ల్స్ వాల్టన్ తాళంచెవి లేకుండా తలుపు తెరిచే కార్డుకు అమెరికాలో పేటెంట్లు పొందారు. రెండేళ్ల తర్వాత లాస్ అలమోస్ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు, బ్యాటరీ లేని ట్యాగ్ తరంగాన్ని తిప్పికొట్టి నంబరు చెప్పే తీరును ప్రచురించారు. 1987లో నార్వేలో, 1991లో అమెరికాలోని ఓక్లహోమాలో ఈ పద్ధతితో టోల్ వసూలు మొదలైంది. 1999లో ఎంఐటీలో ఏర్పడిన ఆటో-ఐడీ సెంటర్, ప్రతి వస్తువుకూ విడివిడిగా ఒక నంబరు ఉండాలన్న ఆలోచనను ముందుకు తెచ్చింది. 2004 చివర్లో జెన్-2 ప్రమాణం ఖరారయ్యాక ఒక కంపెనీ చేసిన ట్యాగ్‌ను మరో కంపెనీ రీడర్ చదవడం సాధ్యమైంది. ఫాస్టాగ్ కూడా ఈ ప్రమాణం మీదే నడుస్తుంది.

ట్యాగ్ లోపల

చొక్కాకు ఉన్న ధర చీటీని దీపం వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే, కాగితం మధ్య ఒంకర్లు తిరిగిన మెరిసే గీత కనిపిస్తుంది. అది పలుచని ప్లాస్టిక్ మీద అల్యూమినియంతో ఏర్పరచిన యాంటెన్నా. గీత మధ్యలో నల్లటి చుక్కలా కనిపించేది చిప్. దాని అంచు పొడవు దాదాపు అర మిల్లీమీటరు.

యాంటెన్నా ఒంకర్లు తిరగడానికి కారణం ఉంది. భారతదేశంలో ఇలాంటి ట్యాగ్‌లు వాడే 866 మెగాహెర్ట్‌జ్ ప్రాంతంలో రేడియో తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. ఆ తరంగాన్ని చక్కగా అందుకోవాలంటే యాంటెన్నా అందులో సగం, అంటే 17 సెంటీమీటర్ల పైన ఉండాలి. అంత పొడుగు చీటీ ఎవరికీ పనికిరాదు కాబట్టి గీతను మడతలు పెట్టి చిన్న జాగాలో ఇముడుస్తారు.

యాంటెన్నాలో పుట్టిన అతి స్వల్ప ఏసీ విద్యుత్తును చిప్‌లోని డయోడ్లు డీసీగా మారుస్తాయి. ఒక బుల్లి కెపాసిటర్ దాన్ని క్షణకాలం నిల్వ చేస్తుంది. ఆ కొద్దిపాటి విద్యుత్తుతోనే చిప్ మేలుకుని, రీడర్ ఆదేశాన్ని అర్థం చేసుకుని, మెమరీ చదివి, జవాబిస్తుంది. ఇప్పటి మంచి చిప్‌లకు ఇందుకు పది మైక్రోవాట్లు చాలు, అంటే వాట్‌లో లక్షో వంతు.

జెన్-2 ట్యాగ్ మెమరీలో నాలుగు అరలుంటాయి. ఒకదాంట్లో పాస్‌వర్డ్‌లు, రెండోదాంట్లో వస్తువుకు ఇచ్చిన నంబరు, మూడోదాంట్లో చిప్‌ను తయారుచేసినప్పుడే ఫ్యాక్టరీలో రాసి, తర్వాత మార్చడానికి వీలు లేకుండా చేసిన నంబరు, నాలుగోదాంట్లో వాడుకదారు రాసుకునే వివరాలు ఉంటాయి. వస్తువు నంబరు సాధారణంగా 96 బిట్లు. బార్‌కోడ్‌కూ దీనికీ ఉన్న అసలు తేడా ఇక్కడే ఉంది. సబ్బు మీది బార్‌కోడ్ అది ఏ కంపెనీ ఏ రకం సబ్బో చెబుతుంది. ఆ రకం సబ్బులన్నిటి మీదా అదే గీతలుంటాయి. 96 బిట్లతో మాత్రం ప్రతి సబ్బుకూ వేరే నంబరు ఇవ్వవచ్చు.

శక్తి చేరే రెండు దారులు

రీడర్ నుంచి ట్యాగ్‌కు శక్తి చేరే దారులు రెండు. మెట్రో కార్డు, బ్యాంకు కార్డు, పాస్‌పోర్టు చిప్ మొదటి దారిలో పనిచేస్తాయి. వీటి రీడర్‌లో ఒక తీగచుట్ట ఉంటుంది. అందులో 13.56 మెగాహెర్ట్‌జ్ విద్యుత్తు ప్రవహిస్తే చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. కార్డు అంచుల వెంట కూడా కొన్ని చుట్ల తీగ ఉంటుంది. కార్డును దగ్గరకు తెచ్చినప్పుడు ఆ తీగలో విద్యుత్తు పుడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసే సూత్రమే ఇది. జవాబు చెప్పడానికి కార్డులోని చిప్ తన చుట్ట మీద భారాన్ని లయబద్ధంగా పెంచి తగ్గిస్తుంది. ఆ మార్పు రీడర్ చుట్టలో చిన్న వోల్టేజీ తేడాగా కనిపిస్తుంది. ఆ తేడాలను ఒకట్లు, సున్నాలుగా రీడర్ చదువుకుంటుంది. చుట్టకు దూరం జరిగేకొద్దీ అయస్కాంత క్షేత్రం చాలా వేగంగా క్షీణిస్తుంది. అందుకే మెట్రో గేటు మీద కార్డును దాదాపు ఆనించాలి.

ఫాస్టాగ్, ధర చీటీ రెండో దారిలో పనిచేస్తాయి. ఇక్కడ రీడర్ యాంటెన్నా నుంచి తరంగాలు విడుదలై గాలిలో ప్రయాణిస్తాయి. ట్యాగ్ వాటిలో కొంత శక్తిని తీసుకుని, మిగతాది తిప్పికొడుతుంది. ఎండలో నిలబడి చేతిలో అద్దాన్ని కదిలిస్తూ ఎదుటి గోడ మీద వెలుగు పడేలా, పడకుండా చేసే పిల్లవాడి ఆటే ట్యాగ్ ఆడుతుంది. పిల్లవాడు వెలుగును పుట్టించడం లేదు, వచ్చిన వెలుగునే మళ్లిస్తున్నాడు. ట్యాగ్ కూడా సొంతంగా తరంగాలు పుట్టించదు. చిప్ తన యాంటెన్నా లక్షణాన్ని సెకనుకు వేలసార్లు మారుస్తుంటే, తిరిగి వెళ్లే తరంగం ఒకసారి బలంగా, ఒకసారి బలహీనంగా ఉంటుంది. ఆ హెచ్చుతగ్గులే దాని జవాబు.

తరంగం వెళ్లేటప్పుడు ఎంత పలచబడుతుందో, తిరిగి వచ్చేటప్పుడూ అంతే పలచబడుతుంది. దూరం రెట్టింపైతే ట్యాగ్‌కు చేరే శక్తి నాలుగో వంతుకు, రీడర్‌కు తిరిగి చేరే సంకేతం పదహారో వంతుకు పడిపోతుంది. మన దేశంలో అనుమతించిన గరిష్ఠ బలంతో రీడర్ పనిచేసినా, ఏ అడ్డూ లేని చోట పది మీటర్ల దూరంలోని ట్యాగ్‌కు మిల్లీవాట్‌లో పదో వంతు కూడా చేరదు. ఆచరణలో మంచి ట్యాగ్‌ను పది మీటర్ల చుట్టుపక్కల దూరం దాకా చదవగలుగుతున్నారంటే అది చిప్ రూపకర్తలు పొదుపులో సాధించిన విజయమే.

దూరం ఇంకా కావాలంటే ట్యాగ్‌కు బ్యాటరీ పెట్టాలి. ఓడరేవుల్లో కంటైనర్లకు, గనుల్లో యంత్రాలకు వాడే యాక్టివ్ ట్యాగ్‌లు సొంతంగా తరంగాలు పంపుతాయి కాబట్టి వాటిని వంద మీటర్ల నుంచి కూడా చదవవచ్చు. అయితే ధర పెరుగుతుంది, బ్యాటరీ అయిపోతే ట్యాగ్ పని కూడా అయిపోతుంది.

ఏ పనికి ఏ పౌనఃపున్యం

125 నుంచి 134 కిలోహెర్ట్‌జ్ దాకా ఉన్న తక్కువ పౌనఃపున్యాలు నీటినీ శరీర కణజాలాన్నీ తేలిగ్గా దాటుకుని వెళ్తాయి. అందుకే జంతువుల చర్మం కింద పెట్టే చిప్‌లు, కారు తాళంచెవిలో ఉండే దొంగతనం నిరోధక చిప్‌లు ఈ శ్రేణిని వాడతాయి. కుక్కకు అమర్చే గొట్టం పొడవు 12 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అందులో 15 అంకెల నంబరు ఉంటుంది. రీడర్‌ను మెడ దగ్గరకు తెస్తే తప్ప అది పలకదు. దాంతో జంతువు ఎక్కడుందో వెతకడం కుదరదు. దొరికిన జంతువు ఎవరిదో తెలుసుకోవడమే కుదురుతుంది.

13.56 మెగాహెర్ట్‌జ్ శ్రేణిని కార్డులకు, లైబ్రరీ పుస్తకాలకు, ఈ-పాస్‌పోర్టులకు వాడుతున్నారు. ఫోన్లలో ఉండే ఎన్‌ఎఫ్‌సీ కూడా ఈ కుటుంబానిదే. 860 నుంచి 960 మెగాహెర్ట్‌జ్ దాకా ఉన్న శ్రేణి దూరం నుంచి, వేగంగా, గుంపుగా చదవడానికి అనువైనది. ఇందులో ఒక్కో దేశం ఒక్కో భాగాన్ని కేటాయించింది. భారత ప్రభుత్వం 2005లో 865–867 మెగాహెర్ట్‌జ్ భాగాన్ని లైసెన్సు లేకుండా వాడుకోవడానికి వీలు కల్పించి, తర్వాత దాన్ని 868 దాకా పెంచింది.

ఒకేసారి అందరూ జవాబిస్తే

ఒక అట్టపెట్టెలో వంద చొక్కాలుంటే రీడర్ అడగగానే వంద ట్యాగ్‌లూ ఒకేసారి మేలుకుంటాయి. అన్నీ కలిసి జవాబిస్తే రీడర్‌కు ఏదీ అర్థం కాదు. జెన్-2 ప్రమాణం దీనికి చక్కని ఉపాయం చెప్పింది. రీడర్ ముందుగా ఇన్ని వంతులున్నాయని ప్రకటిస్తుంది. ప్రతి ట్యాగ్ తనకు తోచిన వంతును యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. తన వంతు వచ్చినప్పుడు అసలు నంబరు కాకుండా అప్పటికప్పుడు పుట్టించిన 16 బిట్ల సంఖ్యను పంపుతుంది. అది స్పష్టంగా అందితే రీడర్ అదే సంఖ్యను తిరిగి పలుకుతుంది. ఆ సంఖ్య తనదేనని గుర్తించిన ట్యాగ్ ఒక్కటే అప్పుడు పూర్తి నంబరు చెప్పి మౌనం వహిస్తుంది. ఒకే వంతులో రెండు ట్యాగ్‌లు తగులుకుంటే అవి తర్వాతి విడతలో మళ్లీ ప్రయత్నిస్తాయి. గొడవలు ఎక్కువైతే రీడర్ వంతులు పెంచుతుంది, వంతులు ఖాళీగా పోతుంటే తగ్గిస్తుంది. ఈ పద్ధతిలో సెకనుకు వందల ట్యాగ్‌లను చదవవచ్చు. డెకథ్లాన్ దుకాణాల్లో కొన్న వస్తువులన్నీ ఒక తొట్టెలో వేయగానే బిల్లు సిద్ధమయ్యేది ఇలాగే.

టోల్‌ప్లాజా దగ్గర

2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి జాతీయ రహదారుల టోల్‌ప్లాజాల్లో లేన్లన్నీ ఫాస్టాగ్ లేన్లయ్యాయి. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద కూడా ఇదే వాడుకలో ఉంది. వాహనం లేన్‌లోకి రాగానే పైన అమర్చిన రీడర్ ట్యాగ్‌ను మేల్కొలిపి, వాహనానికి కేటాయించిన నంబరునూ ఫ్యాక్టరీ నంబరునూ చదువుతుంది. రెండోది ఎందుకంటే, మొదటి నంబరును వేరే చిప్‌లోకి కాపీ చేసినా ఫ్యాక్టరీ నంబరు కలవదు. లేన్‌లోని సెన్సర్లు వాహనం కారా, బస్సా, లారీయా అన్నది విడిగా తేలుస్తాయి. కారు ట్యాగ్‌ను లారీకి అంటిస్తే బయటపడేది ఇక్కడే.

తర్వాత ప్లాజా కంప్యూటర్ ఆ ట్యాగ్ నిషేధ జాబితాలో ఉందేమో చూస్తుంది. లేకపోతే, బ్యాంకు జవాబు కోసం ఆగకుండా గేటు లేస్తుంది. డబ్బు లెక్క ఆ తర్వాత మొదలవుతుంది. ప్లాజా తరఫు బ్యాంకు నుంచి వివరాలు నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌కు, అక్కడి నుంచి ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకు వెళ్తాయి. యజమాని ఫోన్‌కు సందేశం కొంత ఆలస్యంగా రావడానికి కారణం అదే.

ట్యాగ్‌ను అద్దానికి అంటించకుండా చేత్తో చూపించే అలవాటు వల్ల పక్క లేన్ రీడర్ దాన్ని చదవడం, ఒకే ట్యాగ్ రెండు వాహనాలకు తిరగడం జరుగుతున్నాయి. అందుకే 2025లో జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ ఇలాంటి ట్యాగ్‌లను నిషేధ జాబితాలో చేర్చే నిబంధనను కఠినం చేసింది.

పట్టాల మధ్య ట్యాగ్‌లు

రైళ్లు ఢీకొనకుండా కాపాడే కవచ్ వ్యవస్థలో ఆర్‌ఎఫ్‌ఐడీది కీలకమైన పాత్ర. దీని తొలి పరీక్షలు, తొలి విస్తరణ దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగాయి. పరికరాలు రూపొందించిన తొలి సంస్థల్లో హైదరాబాద్ కంపెనీలు ముఖ్యమైనవి. పట్టాల మధ్య స్లీపర్ల మీద సుమారు కిలోమీటరుకు ఒకచోట, సిగ్నళ్ల దగ్గర బ్యాటరీ లేని ట్యాగ్‌లు బిగిస్తారు. ఇంజిన్ అడుగున ఉన్న రీడర్ వాటి మీదుగా పోతూ అది ఏ చోటో, ఏ లైనో చదువుకుంటుంది. గంటకు 160 కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ సెకనుకు 44 మీటర్లు కదులుతుంది. రీడర్ పరిధి అర మీటరు అనుకుంటే, ట్యాగ్ మేలుకుని జవాబివ్వడానికి దొరికే సమయం సెకనులో నూరో వంతు.

రెండు ట్యాగ్‌ల మధ్య రైలు ఎంత దూరం వచ్చిందో చక్రాల భ్రమణాన్ని బట్టి లెక్కిస్తారు. చక్రం జారినా, అరిగినా ఆ లెక్కలో తప్పు పేరుకుంటుంది. తర్వాతి ట్యాగ్ దొరకగానే ఆ తప్పు సరవుతుంది. నాలుగైదు మీటర్ల ఎడంలో పక్కపక్కనే ఉన్న లైన్లలో రైలు ఏ లైను మీద ఉందో ఉపగ్రహ సంకేతంతో కచ్చితంగా చెప్పడం కష్టం. స్లీపర్ మీది ట్యాగ్ మాత్రం ఆ లైనుదే. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య రెండు ఇంజిన్లను ఎదురెదురుగా నడిపి పరీక్షించినప్పుడు, 380 మీటర్ల ఎడం ఉండగానే అవి వాటంతట అవే ఆగిపోయాయి. రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ అందులో ఒక ఇంజిన్‌లో ఉన్నారు.

ఎక్కడ తడబడుతుంది

నీరు 866 మెగాహెర్ట్‌జ్ తరంగాలను పీల్చుకుంటుంది, లోహం వాటిని తిప్పికొడుతుంది. మంచినీళ్ల సీసాకు, డబ్బా పాలకు అంటించిన మామూలు ట్యాగ్ సరిగ్గా పలకకపోవడానికి కారణం అదే. లోహం మీద వాడే ట్యాగ్‌లకు అడుగున ప్రత్యేకమైన పొర పెడతారు, దాంతో మందమూ ధరా పెరుగుతాయి. కొన్ని కార్ల ముందు అద్దాలకు ఎండను ఆపే లోహపు పూత ఉంటుంది. అలాంటి అద్దంలో పూత లేని చోటు చూసి ఫాస్టాగ్ అంటించాలి. రీడర్, ట్యాగ్ యాంటెన్నాల దిశలు కుదరకపోయినా సంకేతం తగ్గుతుంది. అందుకే ఏ గోదాములోనూ రీడర్ చదవలేదు కాబట్టి వస్తువు లేదని వెంటనే తేల్చకూడదు.

ఖర్చు మరో అడ్డంకి. చీటీ ట్యాగ్ కొన్ని రూపాయలకే వస్తుంది గానీ, బార్‌కోడ్‌కు సిరా ఖర్చు తప్ప మరేమీ లేదు. అందుకే వెయ్యి రూపాయల చొక్కాకు ట్యాగ్ వచ్చింది, ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్‌కు రాలేదు.

చదివేది ఎవరు

యజమానికి తెలియకుండానే ట్యాగ్‌ను చదవవచ్చు. ఈ పద్ధతిపై ఉన్న అతి పెద్ద ఆక్షేపణ ఇదే. 2003లో బెనెటన్ దుస్తుల్లో ట్యాగ్‌లు కుట్టబోతున్నారన్న వార్త రాగానే వినియోగదారుల సంఘాలు బహిష్కరణకు పిలుపునిచ్చాయి. ఆ తర్వాత వచ్చిన జెన్-2 ప్రమాణంలో, 32 బిట్ల పాస్‌వర్డ్‌తో ట్యాగ్‌ను శాశ్వతంగా మూగబోయేలా చేసే ఆదేశానికి చోటు ఉంది. ఈ-పాస్‌పోర్టు చిప్ మరో రక్షణ వాడుతుంది. లోపలి పేజీలో అచ్చయిన పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, గడువు తేదీల నుంచి తాళం తయారవుతుంది. పుస్తకం తెరిచి చూపిస్తే తప్ప చిప్ వివరాలు బయటపెట్టదు.

రహస్యంగా ఉంచిన రక్షణ నమ్మదగినది కాదని కూడా ఈ రంగమే నిరూపించింది. ప్రపంచమంతటా ప్రయాణ కార్డుల్లో వాడిన మైఫేర్ క్లాసిక్ చిప్ సంకేత లిపిని తయారీ సంస్థ గుట్టుగా ఉంచింది. 2008లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాన్ని ఛేదించి, కార్డులను నకలు చేయవచ్చని చూపించారు. అప్పటి నుంచి కొత్త కార్డులు అందరూ పరీక్షించిన బహిరంగ సంకేత లిపుల వైపు మళ్లాయి.

చాలా ట్యాగ్‌లు చెప్పేది తమ నంబరు ఒక్కటే. ఆ నంబరు పక్కన ఎవరి పేరు రాశారు, ఎన్నాళ్లు ఉంచారు, ఎవరికి చూపించారు అన్నవి కంప్యూటర్‌ను నడిపేవారి చేతిలో ఉంటాయి. కాబట్టి ఆర్‌ఎఫ్‌ఐడీని వాడే ప్రతి సంస్థా ఏం చదువుతున్నదో, ఎందుకు దాస్తున్నదో బహిరంగంగా చెప్పాలి. ఆ ప్రశ్న అడిగే హక్కు ట్యాగ్‌ను వెంట పెట్టుకు తిరిగే ప్రతి పౌరుడికీ ఉండాలి.